ఆఫీసులో విలువైనవి రాయమంటే ప్రింటర్ దగ్గర ఆగిపోయాను

తెనాలి_చిట్టాలు
తెనాలిలో చిన్న ట్యాక్స్ కన్సల్టెన్సీ నాది. నాలుగు కంప్యూటర్లు, ఇద్దరు కుర్రాళ్లు, పద్నాలుగేళ్లుగా ఉంటున్న అకౌంటెంట్ మేడం, అరవై పైచిలుకు పార్టీలు, అంటే మా దగ్గర లెక్కలు రాయించుకునే వ్యాపారులు. పోయిన నెల మా వీధిలోనే ఇంకో కన్సల్టెంట్ గారు పొద్దున్నే వచ్చి కంప్యూటర్ తెరిస్తే ఫైళ్ల పేర్లన్నిటికీ వింత తోకలు తగిలి ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. డబ్బు కట్టమని నోట్‌ప్యాడ్‌లో ఒక ఉత్తరం. త్రీబీకి, అంటే జీఎస్టీ రిటర్నుకి, ఇంకా మూడు రోజులే గడువు. ఆయన ముఖం చూసి వచ్చాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మా సర్వీసు కుర్రాడిని పిలిచి మంచి యాంటీవైరస్ వెయ్యమన్నాను. "ముందు మీ దగ్గర విలువైనవేంటో కాగితం మీద రాసివ్వండి సార్, తర్వాత చూద్దాం" అన్నాడు. రాశాను:

సర్వర్ కంప్యూటర్, 85 వేలు
మిగతా మూడు, ఒక్కోటి 38 వేలు
స్కానర్ ఉన్న ప్రింటర్, 22 వేలు
ఇన్వర్టర్, బ్యాటరీలు, 31 వేలు
లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు

చూసి నవ్వి, కాగితం మడిచి నా జేబులోనే పెట్టి వెళ్లిపోయాడు. మన దగ్గర డబ్బు తీసుకునేవాడు మనల్ని చూసి నవ్వితే ఒళ్లు మండదా? ఇందులో తప్పేముంది?

పెన్‌డ్రైవ్_పంతులు
మీ ప్రింటర్‌ని ఎవడైనా ఎత్తుకుపోతే చెప్పండి, శాలువా కప్పి సన్మానం చేద్దాం.

సర్వర్_శాస్త్రి
తప్పు కాదండీ, అది బీమా ఏజెంటుకి ఇచ్చే లిస్టు. కొన్న ధర చూసి రాశారు. సెక్యూరిటీలో కొన్న ధరతో పనిలేదు. ఒక్కో వస్తువు ముందు నిలబడి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది పోతే రేపు పొద్దున ఏ పని ఆగిపోతుంది? ఇది పరాయివాడి చేతిలో పడితే ఎవరు నష్టపోతారు? ఇందులో ఒక అంకె ఎవడైనా గుట్టుగా మార్చేస్తే మనకి ఎన్నాళ్లకి తెలుస్తుంది?

మీ 85 వేల సర్వర్‌ని ఈ మూడింటికీ నిలబెట్టి చూడండి. పోతే విజయవాడ వెళ్లి సాయంత్రానికి ఇంకోటి తెచ్చుకుంటారు. అందులోని ట్యాలీ డేటా ఏ షాపులో దొరుకుతుంది? జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. అంటే అరవై మంది వ్యాపారుల ఆరేళ్ల బతుకు ఆ డబ్బాలో ఉంది. మీ లిస్టులో డబ్బా ఉంది, అది లేదు.

మిర్చి_యార్డు
శాస్త్రి గారు భయపెడుతున్నారు గానీ, మనలాంటి చిన్నవాళ్ల మీద పడి ఎవడేం బావుకుంటాడు? బ్యాంకుల్నో పెద్ద కంపెనీల్నో చూసుకుంటారు. తెనాలిలో ట్యాక్స్ ఆఫీసు ఉందని రష్యావాడికి కల వచ్చిందా?

వరంగల్_వైర్లు
కల రానక్కర్లేదు అన్నా. ఎవడూ మీ బోర్డు చదివి రాడు. ఇంటర్నెట్‌లో ఉన్న అడ్రసులన్నిటినీ ఒక ప్రోగ్రాం రాత్రింబవళ్లు తట్టుకుంటూ పోతది, సంతలో గేదెల పళ్లు చూసినట్టు. నేను వైరింగు, సీసీ కెమెరాల పని చేస్తాను, చాలా ఆఫీసుల్లో చూసిన. ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవాలని రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి పెడతారు, దాని దారి, రౌటర్‌లో 3389 పోర్టు, బార్లా వదిలేస్తారు, పాస్‌వర్డేమో షాపు పేరు పక్కన 123. మా దగ్గర ఒక ఎరువుల డీలరు సిస్టం అట్లనే పోయింది. లాగ్ తీసి చూస్తే ఒక్క రాత్రిలో వేల సార్లు పాస్‌వర్డ్ కొట్టి చూశారు. మనిషైతే అలసిపోయేవాడు.

2017 మే 12న ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు అది పెద్దా చిన్నా చూసిందా? ఆంధ్రాలో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని పడ్డయి. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, రెండు నెలల ముందు. వేసుకున్నోళ్లు బతికిండ్రు.

తెనాలి_చిట్టాలు
మా కంప్యూటర్లలో అప్‌డేట్లు నేనే ఆపించాను. సరిగ్గా ఈవే బిల్లు తీసేటప్పుడే రీస్టార్ట్ అంటుందని. ఒకదాంట్లో ఇంకా విండోస్ 7 ఉంది.

సర్వర్_శాస్త్రి
విండోస్ 7కి మామూలు అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. ముందు దాని నెట్ వైరు పీకండి. తర్వాత వచ్చి ఇక్కడ రాయండి.

తెనాలి_చిట్టాలు
పీకాను. ప్రింటర్ దానికే ఉంది. ఇప్పుడు ప్రింటు రావట్లేదు.

పెన్‌డ్రైవ్_పంతులు
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఆ ప్రింటర్ గురించే.

డల్లాస్_బాబాయ్
మిర్చి యార్డు గారి మాటకి ఇంకో కథ. విలువైనది ఎక్కడుందో పెద్దవాళ్లకి కూడా పోయేదాకా తెలియదు. మెర్స్క్ అని ఓడల కంపెనీ, ప్రపంచంలో కంటైనర్లు మోసేవాళ్లలో అతి పెద్దవాళ్లలో ఒకరు. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ తగిలింది. యుక్రెయిన్‌లో లెక్కలు రాసుకునే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దూరి వచ్చింది అది. మన ట్యాలీ లాంటిదే అనుకోండి. గంటల్లో ఓడరేవుల గేట్ల దగ్గర లారీలు బారులు తీరాయి.

అసలు సంగతి ఇది. ఎవరు ఉద్యోగి, ఎవరికి ఏది తెరవడానికి హక్కుంది అని రాసి ఉంచుకునే సర్వర్లని డొమైన్ కంట్రోలర్లు అంటారు. వాళ్లకి ఇంచుమించు 150 ఉండేవి. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని ఒకదానికొకటి కాపీ తీసుకుంటూ ఉండేవి. అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోతాయని ఎవరూ అనుకోలేదు. మిగతా బ్యాకప్‌లు దొరికాయి గానీ వీటికి మాత్రం లేవు. చివరికి ఒక్కటి బతికింది, ఆఫ్రికాలో ఘనాలో. వైరస్ వచ్చే వేళకి అక్కడ కరెంటు పోయింది! నెట్ మీద పంపుదామంటే స్పీడు లేదు. ఘనా ఆఫీసువాళ్లెవరికీ బ్రిటన్ వీసా లేదు. ఒకతను నైజీరియా దాకా విమానంలో వెళ్లి, అక్కడ ఇంకొకతనికి హార్డ్ డిస్కు చేతికిస్తే, ఆయన లండన్‌కి మోసుకెళ్లాడు. తర్వాత పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ మొదటి నుంచి వేసుకున్నారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లని వాళ్లే లెక్క చెప్పారు.

మిర్చి_యార్డు
అంటే మా ఊళ్లో పూటకోసారి కరెంటు తీసేది సైబర్ సెక్యూరిటీ కోసమా? ఇన్నాళ్లూ అనవసరంగా తిట్టుకున్నాను.

పెన్‌డ్రైవ్_పంతులు
తెనాలి గారూ, లిస్టులోంచి ఇన్వర్టర్ తీసెయ్యండి. అదే మీ శత్రువు.

కీబోర్డు_కామేశ్వరి
నవ్వుకున్నది చాలు గానీ, తెనాలి అన్నా, ఒకసారి మీ టేబుల్ సొరుగు తెరిచి ఏముందో చెప్పండి. నేను హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పదకొండేళ్లు చేశాను. మీరు తెరవకముందే నాకు కనబడుతోంది.

తెనాలి_చిట్టాలు
సొరుగు కాదమ్మా, పూతరేకుల డబ్బా. పార్టీల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు అందులోనే. ఇప్పుడే లెక్కపెట్టాను, 27. కలిసిపోకుండా ఒక్కోదానికి తెల్ల ప్లాస్టరు అంటించి పేరు రాశాం.

కీబోర్డు_కామేశ్వరి
ప్లాస్టరు వెనక?

తెనాలి_చిట్టాలు
పిన్.

కీబోర్డు_కామేశ్వరి
అనుకున్నాను. కొన్నిటికి అదీ రాసి ఉండదు, ఎందుకంటే కొన్న రోజు ఉన్న ఒకటి నుంచి ఎనిమిదే ఇప్పటికీ ఉంటుంది.

అన్నా, అది యూఎస్‌బీ ముక్క కాదు, ఆ మనిషి సంతకం. దానితో కంపెనీ కాగితాలు దాఖలు చెయ్యొచ్చు, టెండరు వెయ్యొచ్చు, డైరెక్టరు రాజీనామా చేశాడని కూడా పెట్టొచ్చు. ఖాళీ కాగితాల మీద 27 మంది చేత సంతకాలు పెట్టించి డబ్బాలో వేసి, తాళం వెయ్యకుండా ఇంటికెళ్తున్నట్టు లెక్క. కొన్నప్పుడు రెండు వేలో ఎంతో అయ్యుంటుంది, మీ లిస్టుకి కూడా ఎక్కలేదు.

గుడివాడ_గుమాస్తా
చెప్పడానికి బాగానే ఉంటుంది కామేశ్వరి గారూ. పార్టీకి ఇచ్చేస్తే గడువు రోజు ఆయన తిరుపతిలో ఉంటాడు, టోకెన్ బీరువాలో ఉంటుంది, బీరువా తాళం వాళ్లావిడ దగ్గర, ఆవిడ పుట్టింట్లో. లేటు ఫీజు ఎవరు కడతారు? వాళ్లే "మీ దగ్గరే ఉంచండి సార్" అంటారు. అందరం ఉంచుకుంటున్నాం. రూల్ వేరు, రోడ్డు వేరు.

కీబోర్డు_కామేశ్వరి
రోడ్డు నాకూ తెలుసు. 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 42 ప్రకారం టోకెన్‌లోని ఆ సంతకపు తాళాన్ని తన అదుపులో జాగ్రత్తగా ఉంచుకోవాల్సింది దాని యజమాని. ఏదైనా జరిగితే ఆయన మీ వైపు వేలు చూపిస్తాడు, మీరు ఆయన వైపు చూపిస్తారు. సరే, ఉంచుకోక తప్పదంటారు కదా, ఉంచుకోండి. పిన్ మార్పించండి, ప్లాస్టరు మీద పేరు బదులు నంబరు వెయ్యండి, డబ్బా బీరువాలో పెట్టి తాళం వెయ్యండి, తీసినప్పుడల్లా పుస్తకంలో తారీకు, పని రాసి సంతకం పెట్టండి. మా ఆఫీసులో ఆ పుస్తకం పెట్టిన నెలకే ఒక టోకెన్ ఎక్కడుందో ఎవరికీ తెలియదని తేలింది. అది పోయి రెండేళ్లయిందట!

వరంగల్_వైర్లు
ఇంకోటి కూడా చూడన్నా, స్కానింగ్ ఫోల్డరు. మీ దగ్గరికి రిజిస్ట్రేషన్ దస్తావేజులు, ఆధార్ కాపీలు వస్తయి కదా. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌లు అమ్మేటాయన రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో ఉన్న దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించుకొని రబ్బరు ముద్రలు చేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిండు. టార్గెట్ పూర్తి చెయ్యడానికంట. ఆ దస్తావేజులు అప్‌లోడ్ చేసినోళ్లకి అది కాగితం. ఆయనకి అది వేలు.

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటం. వేలు పోతే? నేనైతే ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకున్న, అవసరమున్నప్పుడే తెరుస్త.

తెనాలి_చిట్టాలు
స్కాన్ ఫోల్డరు చూశాను. 2014 నుంచి ఒక్కటీ తీసెయ్యలేదు. చనిపోయిన పార్టీల పాన్ కార్డులు కూడా ఉన్నాయి. అన్నీ డెస్క్‌టాప్ మీదే, "న్యూ ఫోల్డర్ 3".

సర్వర్_శాస్త్రి
పనికి రానివి, చట్టం ఉంచమననివి తీసెయ్యండి. లేనిదాన్ని ఎవడూ దొంగిలించలేడు. 2023 డేటా రక్షణ చట్టంలో తగిన జాగ్రత్త తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. మీ మీద అంత పడుతుందని కాదు. "మా కస్టమర్ల కాగితాలు, మా ఇష్టం" అనే రోజులు పోతున్నాయి.

స్టూడియో_లైటు
బ్యాకప్ మాట ఎవరూ ఎత్తలేదేంటి? రాజమండ్రిలో పెళ్లి ఫోటోలు తీస్తాను. నాలుగేళ్ల క్రితం కాపీ ఉందిలే అని ధీమాగా ఉన్నాను. కాపీ ఉన్న హార్డ్ డిస్కు ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉండేది. ఎవడో చెప్పాడని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్, అంటే దొంగ కాపీ, వేశాను. అసలూ పోయింది, కాపీ కూడా పోయింది. గూగుల్ డ్రైవ్‌లోకి తనంతట తానే ఎక్కే సెట్టింగు ఉంటే, పాడైన ఫైళ్లు కూడా బుద్ధిగా ఎక్కి కూర్చున్నాయి. అదృష్టం కొద్దీ అక్కడ పాత వెర్షన్లు 30 రోజుల దాకా ఉంటాయని ఒక పిల్లాడు చెప్పాడు, ఒక్కో ఫైలూ పట్టుకుని వెనక్కి తెచ్చాం. పెద్ద వీడియోలు అక్కడ పెట్టలేదు, అవి పోయాయి. అందులో ఒక పెళ్లిలో పెళ్లికూతురి నాన్నగారు తర్వాత నెలకే పోయారు. వాళ్లింటికి వెళ్లి చెప్పిన రోజు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మంచినీళ్లు ఇచ్చింది.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట. ఈ లెక్క చెప్పింది పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫరే. మాకు బాగా తగిలాకే వస్తుంది బుద్ధి.

మిర్చి_యార్డు
అంత పోయినప్పుడు వాడడిగింది పారేసి తెచ్చుకోవచ్చుగా? పెళ్లి వీడియో కంటే డబ్బు ఎక్కువా?

స్టూడియో_లైటు
ఇచ్చినా ఇస్తాడన్న హామీ ఏమిటి? ఇంకో స్టూడియో ఆయన ఇచ్చాడు. తాళం వచ్చింది, సగం ఫైళ్లు తెరుచుకోలేదు. మళ్లీ అడిగితే మళ్లీ ధర చెప్పాడు.

సర్వర్_శాస్త్రి
డబ్బు కట్టే ముందు ఒక పని. పాడైన డిస్కుని ఫార్మాట్ చెయ్యొద్దు, పక్కన పెట్టండి. నో మోర్ ర్యాన్సమ్ అని యూరోపోల్, డచ్ పోలీసులు, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో పెట్టిన సైటు ఉంది. కొన్ని రకాల వైరస్‌లకి ఫైళ్లు తెరిచే తాళాలు ఉచితంగా దొరుకుతాయి. ఈ రోజు లేనిది వచ్చే ఏడాది రావచ్చు. సంస్థలైతే సెర్ట్-ఇన్‌కి, అంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థకి, 6 గంటల్లో తెలియజెయ్యాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం. డబ్బు పోయుంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, తర్వాతే ఏడుపు.

మిర్చి_యార్డు
1930 మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, నవ్వకండి. పోయిన సీజన్‌లో గోనె సంచుల సప్లయర్ దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. బిల్లు వాళ్లదే, ముద్ర వాళ్లదే, సంచుల లెక్క కూడా సరిగ్గా ఉంది. బ్యాంకు ఖాతా నంబరు మాత్రం మారింది. 3 లక్షల 40 వేలు వేశాను. పదో రోజు సప్లయర్ ఫోన్ చేసి "డబ్బు ఎప్పుడేస్తారు" అన్నాడు. వాళ్ల మెయిల్లో ఎవడో కూర్చుని మా బేరాలన్నీ చదువుతున్నాడట. 1930కి అప్పుడు చేశాను. ఆ ఖాతాలో అప్పటికి 212 రూపాయలున్నాయి. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

పెన్‌డ్రైవ్_పంతులు
నవ్వట్లేదన్నా.

సర్వర్_శాస్త్రి
నా మూడో ప్రశ్న ఇదే. ఏమీ పోలేదు, ఏమీ ఆగలేదు, ఒక్క నంబరు మారింది. ఖాతా మారిందని మెయిలొస్తే మెయిల్లో ఉన్న ఫోన్ నంబరుకి కాదు, మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకి చెయ్యాలి.

డల్లాస్_బాబాయ్
తెనాలి గారూ, ఇంకో ప్రశ్న. ఈ అరవై మంది జీఎస్టీ పోర్టల్ ఓటీపీలు ఎవరి ఫోన్‌కి వస్తాయి?

తెనాలి_చిట్టాలు
ఆఫీసు ఫోన్‌కి. చిన్న బటన్ల ఫోన్. పార్టీలు ఫోన్ ఎత్తరని 2017లో జీఎస్టీ రిజిస్ట్రేషన్లప్పుడు చాలామందికి ఆ నంబరే ఇచ్చాం. మేడం టేబుల్ మీద ఛార్జింగ్‌లో ఉంటుంది. ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోతే వచ్చే ఓటీపీ కూడా దానికే.

డల్లాస్_బాబాయ్
సిమ్ ఎవరి పేరు మీద ఉంది?

తెనాలి_చిట్టాలు
ఒక్క నిమిషం.

తెనాలి_చిట్టాలు
మేడంని అడిగాను. అప్పట్లో మా దగ్గర చేసిన కుర్రాడి ఆధార్ మీద తీసుకున్నాం. వాడు 2019లో మానేశాడు. మంచివాడే. కానీ వాడు ఏ షాపుకైనా వెళ్లి సిమ్ పోయిందని చెబితే...

కీబోర్డు_కామేశ్వరి
పది నిమిషాల్లో ఇంకో సిమ్ ఇస్తారు. మీ చేతిలోది చచ్చిపోతుంది. ఆ అబ్బాయి మంచివాడైనా, మీరు రీఛార్జ్ మర్చిపోయి మూడు నెలలు వాడకపోతే నంబరు ఆగిపోవచ్చు, తర్వాత వేరేవాళ్లకి పోవచ్చు. మీ 85 వేల సర్వర్ కంటే ఆ ఫోన్ ఖరీదైనది.

గుడివాడ_గుమాస్తా
మాదీ చూసుకున్నాను. మా బావమరిది పేరు మీద ఉంది. మాటల్లేవు ప్రస్తుతం.

పెన్‌డ్రైవ్_పంతులు
అయితే రాజీ పడాల్సిందే, వేరే దారి లేదు 😄

తెనాలి_చిట్టాలు
ఆదివారం కూర్చుని కొత్త లిస్టు రాశాను. మొదట ఆ ఫోన్, తర్వాత ఆఫీసు మెయిల్, ట్యాలీ డేటా, పూతరేకుల డబ్బా, స్కాన్ ఫోల్డరు. సర్వర్ ఆరోది. ప్రింటర్ లేదు. సర్వీసు కుర్రాడికి వాట్సాప్‌లో పంపితే బొటనవేలు పెట్టాడు, ఈసారి నవ్వలేదు.

సర్వర్_శాస్త్రి
బాగుంది. బ్యాకప్ ఉందన్నారా? ఉందని చెప్పొద్దు. ఒక పార్టీ డేటా తీసి, వేరే కంప్యూటర్‌లో ఎక్కించి, పోయిన శుక్రవారం వేసిన వోచరు కనబడుతోందో లేదో చూసి చెప్పండి.

తెనాలి_చిట్టాలు
చూశాను. చివరి వోచరు పోయిన ఏడాది ఏప్రిల్‌ది. కొత్త వెర్షన్ వేసినప్పుడు డేటా ఫోల్డరు డీ డ్రైవ్‌కి మారిందట. బ్యాకప్ ప్రోగ్రాం ఆ పాత ఫోల్డర్‌నే రోజూ రాత్రి తొమ్మిదింటికి శ్రద్ధగా కాపీ చేస్తోంది. రోజూ పొద్దున "విజయవంతం" అని మెసేజ్ కూడా వచ్చేది. చదివి సంతోషపడేవాణ్ని.

కాళ్లు చల్లబడ్డాయి. మేడంకి చెబితే ఏమీ మాట్లాడకుండా హ్యాండ్‌బ్యాగ్ తీసింది. టిఫిన్ డబ్బా పక్క జిప్‌లోంచి పెన్‌డ్రైవ్ తీసి టేబుల్ మీద పెట్టింది. ప్రతి శనివారం వెళ్లేముందు ట్యాలీ బ్యాకప్ తీసుకుని ఇంటికి పట్టుకెళ్తుందట, ఎనిమిదేళ్లుగా. "ఒకసారి కరెంటు పోయి డేటా పాడైతే మీరు నన్నే తిట్టారు సార్, అప్పట్నుంచి" అంది. నాకు గుర్తే లేదు. ఎక్కించి చూశాం. శనివారం సాయంత్రం 6 దాకా ప్రతి వోచరూ ఉంది.

డల్లాస్_బాబాయ్
మీ ఘనా మీ ఆఫీసులోనే ఉంది!

కీబోర్డు_కామేశ్వరి
మేడంకి దండం. కానీ అన్నా, ఆ పెన్‌డ్రైవ్‌కి పాస్‌వర్డ్ ఉందా? అరవై మంది లెక్కలు సిటీ బస్సులో తిరుగుతున్నాయి.

తెనాలి_చిట్టాలు
అడిగాను. "నా బ్యాగు ఎవరు ముట్టుకుంటారు సార్" అంది.

సర్వర్_శాస్త్రి
విండోస్ ప్రో ఉన్న కంప్యూటర్‌లో ఆ పెన్‌డ్రైవ్‌కి బిట్‌లాకర్, అంటే పాస్‌వర్డ్ తాళం, పెట్టండి. పాస్‌వర్డ్ మర్చిపోతే తెరిచే రికవరీ కీ ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. అదీ పోతే మేడం ఎనిమిదేళ్ల కష్టం మీ చేతులతో మీరే పోగొట్టినట్టు.

తెనాలి_చిట్టాలు
ప్రింటు ఎలా తియ్యమంటారు?

పెన్‌డ్రైవ్_పంతులు
చేత్తో రాసుకోండి. ముందు మేడం జీతం పెంచండి.

తెనాలి_చిట్టాలు
పెంచాను, ఈ నెల నుంచి. మానేసిన కుర్రాడు గుంటూరులో దొరికాడు. సిమ్ నా పేరు మీదకి మార్చడానికి శనివారం వస్తానన్నాడు. బిర్యానీ అడిగాడు.